ఇంటి ప్రింటరుకూ ఒక తలుపుంది
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ సమయానికి మేము జమాఖర్చులు చదివి కూర్చునేవాళ్ళం. ఈసారి ఆ పని కోశాధికారిగారు చేశారు కనుక, మాకిచ్చిన ఇరవై నిమిషాలలో వేరే సంగతి ఒకటి విన్నవించుకుంటాము. ప్రింటరు గురించి మాట్లాడతామనగానే అధ్యక్షులవారు "అదేమన్నా ఉపన్యాసానికి విషయమా సాబ్?" అన్నారు. జరిగింది చెప్పాక వారే "మాట్లాడండి, తప్పకుండా మాట్లాడండి" అన్నారు. అందుచేత ధైర్యం చేసి నిలబడ్డాము.

మన సొసైటీకి సొంత ఆఫీసు లేదన్న సంగతి మీకందరికీ తెలుసు. మా ఇంటి ముందుగదే ఆఫీసు. అందులో ఒక బల్ల, రెండు బీరువాలు, ఒక ప్రింటరు. పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, వితంతు పెన్షను కాగితాలు, ఆసుపత్రి బిల్లులు, పెళ్ళి సాయానికి పెట్టుకున్న అర్జీలు, అన్నీ ఆ ప్రింటరు గ్లాసు మీద పడుకుని లేచినవే. బీరువాలకు తాళాలున్నాయి. ఆ తాళంచెవులు మా మొలతాడుకు లేకపోయినా మా దిండు కింద ఉంటాయి. ప్రింటరుకు తాళమేమిటి? అది కాగితం తినే యంత్రం, సిరా తాగే యంత్రం. అంతకు మించి మేము ఆలోచించలేదు.

మా పైవాటాలో ఒక కుటుంబం అద్దెకుంటున్నారు. వారి అబ్బాయి తొమ్మిదో తరగతి. నెట్టు కనెక్షను ఒకటే కదా, పిల్లాడి చదువుకు పనికొస్తుందని మా వైఫై పాస్‌వర్డు మేమే ఇచ్చాం. పక్కింటివారికీ ఇచ్చాం. రంజానులో ఇఫ్తారుకు వచ్చిన చుట్టాలకూ ఇచ్చాం. అడిగినవాడికి మంచినీళ్ళు లేవనలేం, వైఫై లేదనీ అనలేం. మన ఇళ్ళల్లో పద్ధతి అది.

ఒకరోజు సాయంత్రం ఆ అబ్బాయి కిందికి దిగివచ్చి, గుమ్మంలో నిలబడి, "తాతగారూ, ఇది మీదేనా?" అని ఫోను చూపించాడు. చూస్తే రేషను కార్డు. తల్లి పేరు, కూతుళ్ళ పేర్లు, వయసులు, ఇంటి చిరునామా. ఆ పూట మధ్యాహ్నం మేము స్కాన్ చేసి గ్లాసు మీదే మరిచిపోయిన కార్డు అది. అసలు కార్డు ఇంకా ప్రింటరు మూత కిందే ఉంది. మూత ఎవరూ ఎత్తలేదు. గదిలోకి ఎవరూ రాలేదు. మరి పైవాటాలోని పిల్లవాడి ఫోనులోకి అది యెలా వెళ్ళింది?

వాడు చేసింది పెద్ద విద్యేమీ కాదు. బళ్ళో కంప్యూటరు సారు నెట్‌వర్కుల పాఠం చెబుతూ, ఇంట్లో వైఫైకి తగిలించిన ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉంటుందని చెప్పారట. మన ఇంట్లో ఏమేమి ఉన్నాయో చూద్దామని వాడు ఫోనులో ఒక యాపు పెట్టి వెతికాడు. ఒక నంబరు దగ్గర ప్రింటరు అని కనబడింది. ఆ నంబరును బ్రౌజరులో కొట్టాడు. మా ప్రింటరు పేజీ తెరుచుకుంది. అందులో 'స్కాన్' అనే మీట ఉంది. నొక్కాడు. కింద యంత్రం దీపం అటు నుంచి ఇటు నడిచింది. ఆ చప్పుడు మేమూ విన్నాం. కరెంటు పోయి వచ్చినప్పుడు అది అలాగే మూలుగుతుంది కనుక పట్టించుకోలేదు.

పిల్లవాడు మంచివాడు కాబట్టి తెచ్చి చూపించాడు. వాణ్ణి మేము కోప్పడలేదు. మా ముందే బొమ్మ తీసేశాడు. కాని ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ కార్డు ఇచ్చిన తల్లి, పెద్దమ్మాయి పెళ్ళికి సాయం అడుగుతూ, "అన్నా, ఈ సంగతి మీకూ అల్లాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. మగపెళ్ళివారి చెవిన పడితే సంబంధం నిలవదు" అని చెప్పి మరీ ఇచ్చింది. మేము "అమానతు తల్లీ, భయపడకు" అని చెప్పి తీసుకున్నాం. అమానతును దిండు కింద తాళంచెవులతో కాపాడుతున్నామనుకున్నాం, గోడలేని గదిలో పెట్టామని తెలియలేదు.

మరునాడు ఆమె ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాము. చెప్పకుండా ఊరుకోవచ్చు కదా అని కార్యవర్గంలో ఒకరిద్దరు అన్నారు, మాకు మనసొప్పలేదు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది: "ఆ అబ్బాయి ఒక్కడేనా అన్నా, ఇంకెవరైనా చూశారా?" ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రింటరు మా ఇంట్లో మూడేళ్ళుగా ఉంది. ఎన్ని పేజీలు ముద్రించిందో లెక్క చెబుతుంది. తన పేజీని ఎవరు తెరిచారు, ఎవరు స్కాన్ మీట నొక్కారు అన్న లెక్క మాత్రం అందులో లేదు. కొన్ని ఖరీదైన ఆఫీసు మిషన్లు ఆ చిట్టా ఉంచుతాయి. మనలాంటివాళ్ళు కొనేవి ఉంచవు. ఆమెకు నిజమే చెప్పాము. పెళ్ళి, అల్‌హమ్దులిల్లాహ్, అనుకున్న నెలలోనే జరిగింది. అయినా ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఈ వేదిక ఎక్కించింది అదే.

అప్పటినుంచి ఈ విషయం కాస్త చదివాము, తెలిసినవారిని అడిగాము. మాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాము.

ఈ కాలపు వైఫై ప్రింటరు ఒక చిన్న కంప్యూటరు. సిరా ఎంత ఉందో చూసుకోవడానికి, వైఫై మార్చుకోవడానికి వీలుగా కంపెనీవాళ్ళు దాని లోపలే ఒక వెబ్ పేజీ పెట్టి పంపుతారు. ఆ పేజీ ఎక్కడో బయటి సర్వరులో ఉండదు, మీ ప్రింటరు పొట్టలోనే ఉంటుంది. ప్రింటరు నుంచి నెట్‌వర్కు వివరాల కాగితం ఒకటి ముద్రించుకుంటే అందులో 192.168 అంటూ మొదలయ్యే నంబరు కనబడుతుంది. అదే దాని ఇంటి నంబరు. దాన్ని ఫోను బ్రౌజరులో కొడితే పేజీ వస్తుంది. ఈ పని ఇవాళ రాత్రి ఇంటికెళ్ళి చేయండి. మీకు పాస్‌వర్డు అడగకుండా అన్నీ తెరుచుకుంటే, మీ వైఫై తెలిసిన ప్రతివారికీ అలాగే తెరుచుకుంటుంది.

తెరవగానే కొందరికి "ఈ కనెక్షను సురక్షితం కాదు" అని ఎర్ర అక్షరాలు కనబడతాయి. మా బావమరిది అది చూసి ప్రింటరు ప్లగ్గే పీకేశాడు. భయపడకండి. బ్యాంకు వెబ్‌సైటుకు బయట గుర్తింపు పొందిన సంస్థ ఒకటి ధ్రువపత్రం ఇస్తుంది. ప్రింటరు తన ధ్రువపత్రం తానే రాసుకుని తానే సంతకం పెట్టుకుంటుంది. బ్రౌజరు ఆ సంతకాన్ని నమ్మదు, అందుకే ఆ హెచ్చరిక. ఇంట్లో, మీ ప్రింటరు నంబరు మీరే చూసుకుని కొట్టినప్పుడు అది దొంగ పడ్డాడనడానికి గుర్తు కాదు. బ్యాంకు పేజీ దగ్గర అదే హెచ్చరిక వస్తే మాత్రం వెనక్కి వచ్చెయ్యండి. రెంటికీ తేడా తెలియాలి.

ఇక పాస్‌వర్డు సంగతి. పాత మోడళ్ళు చాలావాటికి అసలు పాస్‌వర్డే ఉండేది కాదు, మనం పెట్టుకుంటే ఉన్నట్టు. తరువాత కంపెనీలు మేలుకుని ఫ్యాక్టరీలోనే ఒకటి పెట్టి పంపడం మొదలుపెట్టాయి. కొన్నిటికి వెనుక అంటించిన చీటీ మీద ఉంటుంది, కొన్నిటికి సిరా పెట్టే మూత లోపల ఉంటుంది, కొన్నిటికి యంత్రం సీరియలు నంబరే పాస్‌వర్డు. ఆహా, ప్రతి యంత్రానికీ వేరువేరు, ఇక భయం లేదు అనుకున్నారు. 2025 జూనులో ర్యాపిడ్ సెవెన్ అనే భద్రతా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. బ్రదర్ కంపెనీ మోడళ్ళు 689, ఇంకా మరో నాలుగు కంపెనీలవి కలిపి మొత్తం 748 మోడళ్ళలో లోపాలు దొరికాయి. వాటిలో అన్నిటికంటే తీవ్రమైనది ఇది: ఫ్యాక్టరీ పాస్‌వర్డును సీరియలు నంబరు నుంచే ఒక లెక్క ప్రకారం తయారుచేస్తున్నారు. ఆ లెక్క తెలిస్తే సీరియలు నంబరుతో పాస్‌వర్డు రాబట్టవచ్చు. ఆ సీరియలు నంబరును కొన్ని ప్రింటర్లు అడిగినవాడికల్లా నెట్‌వర్కులోనే చెప్పేస్తున్నాయి. మిగతా లోపాలను కంపెనీ అప్‌డేటుతో సరిచేసింది. ఇది మాత్రం అమ్మేసిన యంత్రాలలో అప్‌డేటుతో పూర్తిగా పోయేది కాదని కంపెనీయే చెప్పి, యజమానులే పాస్‌వర్డు మార్చుకోవాలంది. అంటే కొత్త ఇంటికి మేస్త్రీ ఇచ్చిన తాళం వంటిది. మేస్త్రీ దగ్గర ఇంకో చెవి ఉందో లేదో మనకు తెలియదు, ముందు తాళం మార్చాలి.

పాస్‌వర్డు మారిస్తే మరిచిపోతామని ఒక పెద్దాయన అన్నారు. నిజమే. మరిచిపోతే యంత్రాన్ని మళ్ళీ ఫ్యాక్టరీ స్థితికి తేవాలి, వైఫై మళ్ళీ కలపాలి, అరపూట పని. మేము మాత్రం సొసైటీ మినిట్స్ పుస్తకం చివరి పేజీలో రాసి బీరువాలో పెట్టాము. పాస్‌వర్డును కాగితం మీద రాయకూడదని చదువుకున్న పిల్లలు అంటారు. బీరువాలో ఉన్న కాగితాన్ని వైఫైలోంచి ఎవరూ చదవలేరు కదా!

పాస్‌వర్డు పెట్టాక మా యంత్రంలో సెట్టింగులు మూతపడ్డాయి గాని, వెబ్ స్కాన్ మీట మాత్రం అలాగే ఉంది. దాన్ని విడిగా ఆపవలసి వచ్చింది. ఇది మీ దాంట్లో ఉండొచ్చు, లేకపోవచ్చు, ఉంటే ఆపండి. ఆపినా స్కాన్ అయిన కాగితాన్ని వెంటనే తీసి కవరులో పెట్టడమే అసలు మందు. మా ఇంటావిడ ఇప్పుడు ప్రింటరు మూత మీద ఒక ఎర్ర గుడ్డ వేసింది. గ్లాసు మీద కాగితం ఉంటే గుడ్డ తీసి ఉంటుంది, గుడ్డ ఉంటే గ్లాసు ఖాళీ. ఏ కంపెనీ అప్‌డేటూ ఇంత బాగా పనిచేయలేదు.

"మా ఇంట్లో ఉన్నది మేము నలుగురమే, మా ప్రింటరు జోలికి ఎవరొస్తారు?" అని కొందరడుగుతారు. ఒకటి, ఇంట్లో ఎవరి ఫోనులోనైనా చెడ్డ యాపు చేరితే అది ఆ ఇంట్లో మనిషి కిందే లెక్క. ప్రింటరుకు తేడా తెలియదు. రెండు, ప్రింటరు ఇల్లు దాటి బయటికి కూడా కనబడవచ్చు. దూరం నుంచి ప్రింటు ఇచ్చుకోవచ్చని ఎవరో చెబితే, రూటరులో దారి తెరిచి ప్రింటరును నేరుగా ఇంటర్నెట్టులో నిలబెట్టేవాళ్ళున్నారు. కొన్ని రూటర్లలో యూపీఎన్‌పీ అనే సదుపాయం ఉంటుంది, యంత్రం అడిగితే మనకు చెప్పకుండా దారి తెరుస్తుంది. 2018 నవంబరులో ఒకడు ఇలా బయట నిలబడి ఉన్న ప్రింటర్లను వెతికి, సుమారు 50,000 యంత్రాలలో ఒక యూట్యూబు ఛానలుకు ప్రచార కాగితం ముద్రించాడు. 2020 ఆగస్టులో సైబర్‌న్యూస్ అనే పత్రికవాళ్ళు జనాన్ని మేల్కొలుపుదామని 50,000 ప్రింటర్లకు ప్రయత్నిస్తే, సుమారు 28,000 యంత్రాలు ప్రింటరును ఎలా కాపాడుకోవాలో చెప్పే కాగితాన్ని ముద్రించి ఇచ్చాయి. ఈ రెండూ వెబ్ పేజీ గుండా జరిగినవి కావు, ప్రింటు తీసుకునే మరో దారిన జరిగాయి. కాని ఆ దారి తెరిచి ఉన్న యంత్రం పేజీ కూడా చాలాసార్లు తెరిచే ఉంటుంది. కనుక రూటరు పెట్టిన కేబులు అబ్బాయిని పిలిచి, మా ప్రింటరుకు బయటినుంచి దారి ఏదైనా తెరిచి ఉందా చూడు బాబూ, ఉంటే మూసెయ్యి అని అడగండి. ఇంటి ప్రింటరుకు అటువంటి దారి అక్కర్లేదు.

స్కాన్ చేసింది నేరుగా ఈమెయిలుకు పంపే సదుపాయం వాడేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా వినాలి. ఆ సదుపాయానికి మీ ఈమెయిలు పాస్‌వర్డు ప్రింటరులో దాచాలి. పేజీలో అది చుక్కలుగా కనబడుతుంది, ఎవరూ చదవలేరు. కాని పేజీలోకి ప్రవేశించినవాడు చుక్కలను చదవనక్కర్లేదు. మెయిలు సర్వరు అన్నచోట తన కంప్యూటరు నంబరు రాసి 'పరీక్షించు' నొక్కితే, కొన్ని యంత్రాలు అమాయకంగా ఆ పాస్‌వర్డును వాడికే పంపిస్తాయి. మనవాళ్ళు ఒకే పాస్‌వర్డు అన్నిటికీ పెడతారు. ఇక చెప్పేదేముంది? గూగులు వంటివాళ్ళు ఇలాంటి పనులకు వేరుగా 'యాప్ పాస్‌వర్డు' అని ఇస్తారు. అసలు పాస్‌వర్డుకు బదులు అది వాడండి, అనుమానం వస్తే దాన్నొక్కదాన్నే రద్దు చేసుకోవచ్చు. మేమైతే ఆ సదుపాయమే తీసేశాము.

మరొకటి. మీ వీధిలో నడుస్తూ ఫోనులో వైఫై పేర్లు చూడండి. 'డైరెక్ట్' అని మొదలై పక్కన ప్రింటరు మోడలు పేరున్నవి రెండు మూడైనా కనబడతాయి. రూటరుతో పనిలేకుండా ఫోనును నేరుగా ప్రింటరుకు కలిపే ఏర్పాటు అది. కొన్ని పాత మోడళ్ళలో దాని పాస్‌వర్డు 12345678. మీరు మీ వైఫై పాస్‌వర్డు ఎంత గుట్టుగా దాచినా, ఈ పెరటి గుమ్మం గుండా వీధిలో నిలబడ్డవాడు అదే పేజీకి చేరవచ్చు. వాడకపోతే ఆపెయ్యండి.

అప్‌డేట్ల సంగతికొస్తే, ఇక్కడ మేము మీకు నీతులు చెప్పలేము. భద్రత కోసం వచ్చే అప్‌డేట్లు వేసుకోవాలి, అది నిజం. కాని కొన్ని కంపెనీలు అదే అప్‌డేటులో వేరే కంపెనీ చిప్పున్న కార్ట్రిడ్జిలు పనిచేయకుండా చేస్తాయి. 2016లోనే హెచ్‌పీ ప్రింటర్ల విషయంలో దీనిమీద పెద్ద గొడవ జరిగింది. మన జిరాక్సు షాపు సోదరులు చవకరకం కార్ట్రిడ్జిలతో నాలుగు రూపాయలు మిగుల్చుకుంటున్నారు, అప్‌డేటు వేస్తే ఆ నాలుగూ పోతాయని ఆపేశారు. వారిని తప్పుపట్టలేము. తాళం బాగుచేస్తానని వచ్చి కుండలోని బియ్యం కొలిచే పద్ధతి కంపెనీలదే తప్పు. అప్‌డేటు ఆపినవాళ్ళు కనీసం పాస్‌వర్డు, రూటరు సంగతులలో అశ్రద్ధ చేయవద్దు. ఇంకు ట్యాంకు ప్రింటర్లలో సిరా సీసాతో పోసుకుంటాం కనుక ఈ చిప్పు తగవు లేదు. వారు నిర్భయంగా వేసుకోవచ్చు.

ప్రింటరు అమ్మేటప్పుడు, పాతది మార్చేటప్పుడు లోపలి వివరాలన్నీ చెరిపి ఇవ్వాలి. మీ వైఫై పాస్‌వర్డు అందులో ఉంటుంది. పెద్ద జిరాక్సు మిషన్లలో హార్డ్‌డిస్కు ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో నిలిచిపోవచ్చు. అమెరికాలో అఫినిటీ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దె మిషన్లను డిస్కులు చెరపకుండా తిరిగి ఇచ్చేసింది. వాటిలో రోగుల వివరాలున్నాయని 2010లో బయటపడి, 2013లో 12 లక్షల డాలర్లకు పైగా కట్టుకుంది. మన మదర్సాకు సెకండు హ్యాండు మిషను కొనే ఆలోచన ఉంది కనుక ఈ మాట చెప్పాము. కొనేటప్పుడు ఎవరి కాగితాలో మనకు వస్తాయి, అమ్మేటప్పుడు మనవి ఎవరికో పోతాయి.

ఆ తల్లి అడిగిన తరువాత కార్యవర్గం మూడు నిర్ణయాలు చేసింది, మీ ఆమోదానికి చెబుతున్నాము. మా ఇంటి రూటరులో అతిథులకు వేరే వైఫై పేరు పెట్టాము. పైవాటావారికీ, చుట్టాలకూ ఇకపై అదే ఇస్తాము, అందులోంచి ప్రింటరు కనబడదు. ఎవరికీ వైఫై లేదనలేదు, గమనించండి. పెళ్ళి సాయం, వైద్య సాయం అర్జీలతో ఆధారు జిరాక్సు ఇచ్చేవారు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధారు ఇస్తే చాలు, దాన్ని ఆధారు వెబ్‌సైటునుంచే దింపుకోవచ్చు. పని ముగిసిన అర్జీల స్కానులు ఏడాది తిరగగానే చెరిపేస్తాము. ఆడిటరుగారికి కావలసింది కాగితం ఫైలులో ఉంటుంది.

భోజనాల తరువాత తలుపు పక్కన బల్ల దగ్గర మా పైవాటా అబ్బాయి కూర్చుంటాడు. ఇప్పుడు పదో తరగతి. పరీక్షలున్నాయి, నాలుగు గంటల వరకే ఉండమని వాళ్ళమ్మ చెప్పి పంపింది. ప్రింటరు మోడలు పేరు చెబితే మీ పేజీ ఎలా తెరవాలో, పాస్‌వర్డు ఎక్కడ మార్చాలో కాగితం మీద రాసిస్తాడు. కొత్త పాస్‌వర్డు ఏమిటో మాత్రం వాడికి చెప్పకండి. మాకూ చెప్పకండి.